జలసంధిని మూసేది క్షిపణా? బీమా కాగితమా?

సంక్షిప్తంగా: ఇరుకైన సముద్ర దారుల్లో టెన్షన్ పెరిగిన ప్రతిసారీ వార్తల్లో యుద్ధనౌకలే కనిపిస్తాయి. ఓడ ఆ దారిన వెళ్లాలా వద్దా అన్నది మాత్రం చాలావరకు బీమా ప్రీమియం, పాలసీ షరతులు, సిబ్బంది సమ్మతి తేలుస్తాయి. అందుకే దారి మూయించడం చవక, తిరిగి తెరిపించడం ఖరీదు. ఎర్ర సముద్రంలో, హోర్ముజ్‌లో, రష్యా చమురుపై పెట్టిన ధర పరిమితిలో నడిచేది ఇదే లెక్క.

2022 డిసెంబరు మొదట్లో ఇస్తాంబుల్‌కు ఉత్తరాన, నల్ల సముద్రంలో, ఇరవైకి పైగా చమురు ట్యాంకర్లు బాస్ఫరస్ జలసంధిలోకి రాలేక నిలిచిపోయాయి. కారణం తుఫాను కాదు, పక్కనే జరుగుతున్న ఉక్రెయిన్ యుద్ధమూ నేరుగా కాదు. అడ్డుపడింది ఒక ఉత్తరం. జలసంధి దాటుతున్నంతసేపూ, ఏ పరిస్థితిలోనైనా బీమా చెల్లుతుందని బీమా సంస్థ రాసిచ్చిన పత్రం ప్రతి ముడిచమురు ట్యాంకరూ చూపించాలని టర్కీ కొత్తగా షరతు పెట్టింది. అలా రాసివ్వలేమని బీమా సంస్థలు చెప్పాయి. రష్యాపై పాశ్చాత్య దేశాలు పెట్టిన ఆంక్షలను ఓడ ఉల్లంఘించినట్టు తర్వాత తేలితే పాలసీ చెల్లదు కదా, ముందే ‘ఏం జరిగినా చెల్లిస్తాం’ అని సంతకం ఎలా పెడతామన్నది వాటి వాదన.

విచిత్రం ఏమిటంటే, ఆగిపోయిన ఓడల్లో ఎక్కువ భాగం మోస్తున్నది రష్యా చమురు కూడా కాదు. కజకిస్థాన్ చమురు. రష్యా రేవు నుంచి బయల్దేరుతుంది గానీ దానిపై ఏ ఆంక్షా లేదు. పత్రంలో ఏ వాక్యం ఉండాలో ఇరుపక్షాలూ కుదుర్చుకునేసరికి వారం దాటింది. అప్పుడే ఓడలు కదిలాయి.

అంతర్జాతీయ భద్రత, ఇంధనం, విదేశాంగ విధానం అనే మూడు పెద్ద మాటలు ఎక్కడ కలుస్తాయో ఆ ఉత్తరం చూపిస్తుంది.

యుద్ధం పేరు చెబితే పాలసీలో ఏం మారుతుంది

సముద్రం మీద తిరిగే ఓడకు ప్రధానంగా మూడు రకాల బీమా ఉంటుంది. ఓడకూ దాని యంత్రాలకూ ఒకటి, సరుకుకు ఒకటి, ఆ ఓడ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇంకొకటి. చమురు ఒలికి తీరం పాడవడం, సిబ్బంది చనిపోవడం లాంటివన్నీ మూడోదాని కిందికి వస్తాయి. ఆ మూడో బీమాను ఓడల యజమానులే సభ్యులుగా ఉండే ‘పీ అండ్ ఐ’ క్లబ్బులు ఇస్తాయి. వాటిలో 12 పెద్ద క్లబ్బులు ఒక కూటమిగా పనిచేస్తాయి. ప్రపంచ సముద్ర రవాణా ఓడల టన్నేజీలో సుమారు 90 శాతానికి రక్షణ ఈ కూటమిదే. బాస్ఫరస్ దగ్గర ఉత్తరం అడిగింది వీళ్లనే.

మామూలు పాలసీల్లో యుద్ధ నష్టం ఉండదు. క్షిపణి, మైన్ (నీటిలో పేలే మందుపాతర), ఓడను పట్టుకుపోవడం లాంటి ముప్పులకు విడిగా యుద్ధ బీమా తీసుకోవాలి. ప్రశాంతంగా ఉన్నంతకాలం అది పెద్ద ఖర్చు కాదు. కానీ ప్రమాదకరంగా గుర్తించిన ప్రాంతంలోకి ఓడ వెళ్లాలంటే యజమాని ముందుగా చెప్పాలి, అదనపు ప్రీమియం కట్టాలి. అది కూడా సాధారణంగా ఏడు రోజులకే. ఎనిమిదో రోజు కూడా ఓడ అక్కడే ఉంటే మళ్లీ కట్టాలి. టెన్షన్ బాగా ఉన్న రోజుల్లో ఇచ్చిన కొటేషన్ ఒకటి రెండు రోజులకు మించి నిలవదు.

ఏ ప్రాంతం ప్రమాదకరమో జాబితా వేసేది ఐక్యరాజ్యసమితి కాదు, ఏ దేశ రక్షణ శాఖా కాదు. లండన్ బీమా మార్కెట్‌కు చెందిన జాయింట్ వార్ కమిటీ. చట్టరీత్యా దాని జాబితా సలహా మాత్రమే. ఆచరణలో మాత్రం ఒక సముద్ర భాగం ఆ జాబితాలోకి ఎక్కగానే అక్కడికి వెళ్లే ప్రతి ఓడ ఖర్చూ మారిపోతుంది.

ఈ పాలసీల్లో సాధారణంగా కనిపించే మరో రెండు షరతులు అంతర్జాతీయ రాజకీయాలు చదివేవాళ్లకు ఆసక్తి కలిగిస్తాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనాలలో ఏ రెండింటి మధ్యనైనా యుద్ధం మొదలైతే పాలసీ దానంతటదే రద్దవుతుంది. నోటీసు కూడా అక్కర్లేదు. రెండోది, ఓడ ధ్వంసం కాకపోయినా ఒక చోట చిక్కుకుపోతే ఏమిటన్నది. నిర్ణీత కాలం, సాధారణంగా ఏడాది, బయటికి రాలేకపోతే దాన్ని పూర్తిగా నష్టపోయినట్టే లెక్కగడతారు. ఇది ఊహించి రాసిన షరతు కాదు. 1967 యుద్ధంలో సూయజ్ కాలువ మూతపడినప్పుడు గ్రేట్ బిటర్ లేక్‌లో చిక్కిన 14 ఓడలు కాలువ తిరిగి తెరిచిన 1975 దాకా అక్కడే ఉన్నాయి. ఎడారి ఇసుక మేటలు వేసి వాటికి ‘పసుపు దళం’ అన్న పేరు వచ్చింది.

ఒక ఓడ లెక్క

పది కోట్ల డాలర్ల విలువైన పెద్ద చమురు ట్యాంకర్‌ను తీసుకుందాం. ప్రశాంత సమయంలో ఎర్ర సముద్రం దాటడానికి యుద్ధ ప్రీమియం ఓడ విలువలో 0.05 శాతం అనుకుంటే 50 వేల డాలర్లు అవుతుంది. అది ఒక శాతానికి పెరిగితే 10 లక్షల డాలర్లు. ఇరవై రెట్లు. పత్రికల్లో ఈ ‘ఇరవై రెట్లు’ అన్న మాటే శీర్షిక అవుతుంది.

అయితే ఈ తరగతి ట్యాంకర్ మోసేది 20 లక్షల బ్యారెళ్లు. 10 లక్షల డాలర్లను వాటికి పంచితే బ్యారెల్‌కు పడేది 50 సెంట్లు. బ్యారెల్ 70 డాలర్లు ఉన్న రోజున ఇది ఒక శాతం కన్నా తక్కువ. అంటే ప్రీమియం ఎంత పెరిగినా చమురు ఓడ దాన్ని చాలావరకు భరించగలదు. మరి దారి మళ్లించడం ఎందుకు?

డబ్బు ఒక్కటే లెక్క కాదు కాబట్టి. ముప్పు ప్రాంతంలోకి రానని చెప్పి ఇంటికి వెళ్లిపోయే హక్కు నావికులకు అంతర్జాతీయ కార్మిక ఒప్పందాల్లో ఉంది. వచ్చినవాళ్లకు ఆ రోజులకు అదనపు జీతం ఇవ్వాలి. తమ ఖాతాలోని పది ఓడలు ఒకే రేవులో ఉన్నాయని తెలిస్తే బీమా సంస్థ పదకొండో ఓడకు ఏ ధరకూ పాలసీ ఇవ్వకపోవచ్చు. దారి మూతపడేది ప్రీమియం ఒక శాతానికి చేరినప్పుడు కాదు, కొటేషన్ ఇచ్చేవాళ్లు లేకుండా పోయినప్పుడు.

కంటైనర్ ఓడల లెక్క ఇంకోలా ఉంటుంది. వాటిలో వేలమంది సరుకు ఉంటుంది, ఏ రేవుకు ఏ రోజు చేరాలో ముందే ప్రకటించి ఉంటుంది. ఆఫ్రికా చుట్టూ తిరిగితే ఆసియా నుంచి ఉత్తర ఐరోపాకు 10 నుంచి 14 రోజులు ఎక్కువ పడుతుంది, అయినా ఆ ఆలస్యం ముందే తెలిసినది. ఎర్ర సముద్రంలో ఏ రోజు ఏమవుతుందో తెలియదు. పైగా చుట్టూ తిరిగితే సూయజ్ టోల్ మిగులుతుంది.

కొద్దిపాటి తీరం, పెద్ద వాణిజ్య దారి

2023 నవంబరు 19న యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే కార్ల రవాణా ఓడను పట్టుకున్నారు. గాజా యుద్ధానికి ప్రతిగా ఇజ్రాయెల్‌తో సంబంధం ఉన్న ఓడలనే ఆపుతామన్నారు. డిసెంబరు మధ్యకల్లా పెద్ద కంటైనర్ కంపెనీలు, కొన్ని చమురు కంపెనీలు ఆ దారిని వదిలేశాయి. హౌతీలు ముంచిన ఓడల సంఖ్య చాలా తక్కువ. 2024 మార్చిలో రూబిమార్, జూన్‌లో ట్యూటర్ మునిగాయి. ఏ ఓడకు ఎవరితో సంబంధం ఉందో నమ్మకంగా చెప్పగలిగే రిజిస్టర్ ఎక్కడా లేదు. యజమాని ఒక దేశం, జెండా మరో దేశం, అద్దెకు తీసుకున్నది ఇంకో దేశం. ఆ అనిశ్చితి చాలు, ముప్పు అందరికీ అంటుకోవడానికి.

దీనికి ఓడలు కనిపెట్టిన ఉపాయం చూడదగ్గది. ప్రతి ఓడా తన పేరు, స్థానం, వేగం, చేరాల్సిన రేవు రేడియోలో నిరంతరం ప్రసారం చేస్తుంది. రేవు పేరు ఉండాల్సిన చోట కొన్ని ఓడలు ‘సిబ్బంది అంతా చైనావాళ్లే’ అని, మరికొన్ని ‘ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు’ అని రాసుకుని ఎర్ర సముద్రపు దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధిని దాటాయి. ఒక్కో ఓడా ఆ చిన్న పెట్టెలో సొంత విదేశాంగ విధానం ప్రకటించుకుందన్నమాట. రష్యా చమురు మోసే ట్యాంకర్లు చాలావరకు ఆ దారిని వదల్లేదు. ఖతార్ ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) ఓడలు మాత్రం 2024 జనవరి నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి.

అమెరికా నాయకత్వంలో ఒక నౌకాదళ కూటమి 2023 డిసెంబరులో, ఐరోపా సమాఖ్య దళం 2024 ఫిబ్రవరిలో రంగంలోకి దిగాయి. వేల డాలర్ల డ్రోన్లను లక్షల డాలర్ల క్షిపణులతో కూల్చాయి. కూల్చివేతల్లో అవి చాలావరకు సఫలమయ్యాయి. ఓడలు మాత్రం తిరిగి రాలేదు. వందలో తొంభై తొమ్మిది డ్రోన్లు కూలాయన్న వార్త సైన్యానికి విజయం. బీమా లెక్కలో ఆ మిగిలిన ఒక్కటే ప్రీమియం.

2025 మే మొదటి వారంలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హౌతీల మధ్య కాల్పుల విరమణ కుదిరింది. రెండు నెలలు గడవగానే, జులైలో, మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు ఓడలు వారం తిరక్కుండా మునిగిపోయాయి. అప్పటికి 0.3 శాతం దగ్గరికి దిగిన ప్రీమియం మళ్లీ రెట్టింపు దాటింది. అంటే ఓడలపై దాడులు లేని ఆరేడు నెలల నిశ్శబ్దం తెచ్చిన తగ్గింపును నాలుగు రోజులు తుడిచేశాయి.

నష్టం ఎవరికి అన్నది ఆలోచించాల్సిన విషయం. సూయజ్ కాలువ ఆదాయం 2023లో 1,025 కోట్ల డాలర్లు. 2024లో 400 కోట్ల లోపుకు పడిపోయింది. గాజా యుద్ధంలోనూ, యెమెన్‌లోనూ పక్షం కాని ఈజిప్టు అందరికన్నా పెద్ద బిల్లు కట్టింది. మరోవైపు పెద్ద కంటైనర్ కంపెనీలకు కొత్త ఓడలు అవసరానికి మించి చేతికొస్తున్న సమయం అది. దారి పొడవు పెరగడంతో ఆ ఓడలన్నింటికీ పని దొరికింది, రవాణా చార్జీలు పెరిగాయి, 2024లో వాటి లాభాలూ పెరిగాయి. దారి త్వరగా తెరవాలన్న తొందర అందరికీ ఒకేలా లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

హోర్ముజ్‌కు చుట్టుదారి లేదు

ఎర్ర సముద్రం మూసుకుంటే ఆలస్యం అవుతుంది. హోర్ముజ్ మూసుకుంటే సరుకు బయటికే రాదు. తేడా అంతా ఇందులోనే ఉంది.

ఇరాన్, ఒమన్‌ల మధ్య అత్యంత ఇరుకైన చోట ఆ జలసంధి వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. ఓడలు నడిచే లేన్లు వచ్చేందుకు ఒకటి, పోయేందుకు ఒకటి, ఒక్కోటి మూడు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, చమురు ఉత్పత్తులు దీని గుండా వెళ్లాయి. ప్రపంచ వినియోగంలో అయిదో వంతు. ఎల్‌ఎన్‌జీ వాణిజ్యంలోనూ దాదాపు అయిదో వంతు ఇక్కడి నుంచే, అందులో అధికభాగం ఖతార్‌ది. వెళ్లే చమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఆసియా దేశాలకే.

చమురుకు కొంత ప్రత్యామ్నాయం ఉంది. సౌదీ అరేబియా తూర్పు క్షేత్రాల నుంచి ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న యాన్బు రేవుకు పైప్‌లైన్ ఉంది. ఇరాన్–ఇరాక్ యుద్ధ కాలంలో ఈ భయంతోనే వేసింది. యూఏఈకి హబ్‌షాన్ నుంచి జలసంధి బయట ఉన్న ఫుజైరాకు రోజుకు 15 లక్షల బ్యారెళ్ల సామర్థ్యంతో మరొకటి ఉంది. ఈ రెండూ పూర్తిగా నిండినా మొత్తం 2 కోట్ల బ్యారెళ్లను మోయలేవు. పైగా యాన్బులో ఓడకెక్కిన చమురు ఆసియాకు రావాలంటే దిగాల్సింది బాబ్ ఎల్ మందెబ్ గుండానే. ఒక తాళం తప్పించుకుంటే రెండో తాళం ఎదురవుతుంది.

ఖతార్ గ్యాస్‌కు ఆ పైప్‌లైన్ కూడా లేదు. చమురుకు నిల్వలైనా ఉన్నాయి. 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచుకోవాలి. 2022లో ఆ దేశాలు రెండు విడతల్లో 18 కోట్ల బ్యారెళ్లకు పైగా విడుదల చేయాలని నిర్ణయించి ధరను కొంత అదుపు చేశాయి. సహజవాయువుకు అలాంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచాలి, నిల్వ చేసినంతకాలం కొంత ఆవిరవుతూనే ఉంటుంది. ఒక ప్రాంతంలో కొరత వస్తే డబ్బున్నవాళ్లు ఇతరుల వాటా లాక్కుంటారు. 2022లో రష్యా పైప్‌లైన్ గ్యాస్ తగ్గి ఐరోపా ఎల్‌ఎన్‌జీ మీద పడినప్పుడు జరిగింది ఇదే. ఆ జులైలో పాకిస్థాన్ ఎల్‌ఎన్‌జీకి టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు.

అయినా ముప్పు ఉన్నంతమాత్రాన దారి మూతపడదు. 1984 నుంచి 1988 వరకు సాగిన ‘ట్యాంకర్ యుద్ధం’లో వందల ఓడలపై దాడులు జరిగినా చమురు ఆగలేదు. చమురు మోయడానికి సిద్ధపడే యజమానులు దొరికారు, బీమా ఖరీదైనా దొరికింది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం మొదలైనప్పుడు జీపీఎస్ సంకేతాలు చెదిరిపోయి మ్యాపుల్లో కొన్ని ఓడలు నేల మీద తిరుగుతున్నట్టు కనిపించాయి. జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాలపై అమెరికా దాడి చేసింది. మర్నాడు ఉదయం బ్రెంట్ రకం ముడిచమురు ధర బ్యారెల్‌కు 80 డాలర్లు తాకింది. ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వదిలిన ఆ సాయంత్రమే ధర దిగడం మొదలైంది, 24వ తేదీకి 70 లోపుకు వచ్చింది. క్షిపణి పడ్డ రోజు ధర తగ్గడం వింతగా అనిపిస్తుంది. మార్కెట్ చూసింది క్షిపణిని కాదు, దాని గమ్యాన్ని. అది స్థావరం వైపు వెళ్లింది, ట్యాంకర్ల వైపు కాదు. ఇరాన్ సొంత చమురు కూడా ఎక్కువగా వెళ్లేది అదే జలసంధి గుండా.

బీమానే ఆయుధంగా వాడితే

రష్యా విషయంలో పాశ్చాత్య దేశాలు ఈ సూత్రాన్ని తలకిందులు చేసి వాడాయి. 2022 డిసెంబరు 5 నుంచి జీ7, ఐరోపా సమాఖ్య, ఆస్ట్రేలియా కలిసి రష్యా ముడిచమురుకు బ్యారెల్ 60 డాలర్ల పరిమితి పెట్టాయి. కొనకూడదని కాదు. అంతకన్నా ఎక్కువకు కొన్న సరుకుకు తమ దేశాల బీమా, రవాణా సేవలు ఇవ్వకూడదని. చమురు మార్కెట్‌లోకి రావాలి, రష్యాకు డబ్బు తక్కువ రావాలి. 2025 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య ఆ పరిమితిని 47.6 డాలర్లకు దించింది.

తొలి నెలల్లో రష్యాకు తగ్గింపు ధరలతోనే అమ్మక తప్పలేదు. కొనుగోలుదారులు మారారు. భారత్ దిగుమతుల్లో రష్యా వాటా యుద్ధానికి ముందు రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. పాత ట్యాంకర్లు చేతులు మారి, జెండాలు మార్చుకుని, లండన్‌తో సంబంధం లేని బీమాతో తిరగడం మొదలైంది. దీన్నే ‘షాడో ఫ్లీట్’ అంటున్నారు. ఈ ఓడల్లో చాలావాటి వయసు 15 ఏళ్ల పైమాటే.

ఇక్కడ ఆయుధం వాడినవాళ్ల మీదికే కొంత తిరిగింది. 2002లో ప్రెస్టీజ్ అనే పాత ట్యాంకర్ స్పెయిన్ తీరంలో రెండుగా విరిగినప్పుడు 60 వేల టన్నులకు పైగా ఇంధన నూనె సముద్రంలో కలిసింది. దానికి బీమా ఉంది, అయినా పరిహారం వివాదం ఏళ్ల తరబడి నడిచింది. ఎవరు బీమా చేశారో కూడా తేలని ఓడ బాల్టిక్‌లో విరిగితే ఖర్చు తీర దేశాలదే. ఆ దేశాలు అడ్డుకోగలిగేదీ తక్కువే. అంతర్జాతీయ జలాల్లో, జలసంధుల్లో ఇతర దేశాల ఓడలకు ప్రయాణ హక్కు ఉంది. 2024 డిసెంబరు 25న ఎస్టోనియా, ఫిన్లాండ్ మధ్య సముద్రం అడుగున ఉన్న విద్యుత్ కేబుల్ తెగినప్పుడు ఫిన్లాండ్ షాడో ఫ్లీట్‌లోదని అనుమానించిన ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్‌ను పట్టుకుంది. తమకు అధికార పరిధి లేదంటూ 2025 అక్టోబరులో హెల్సింకి కోర్టు కేసు కొట్టేసింది.

మిగిలిన మార్గం పాతదే. ఆ కేబుల్ తెగడానికి కొద్ది రోజుల ముందే బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ సహా కొన్ని దేశాలు తమ సముద్రాల గుండా వెళ్లే అనుమానాస్పద ట్యాంకర్లను బీమా పత్రం చూపించమని అడగాలని నిర్ణయించాయి. అంతకు రెండేళ్ల ముందు బాస్ఫరస్‌లో టర్కీ అడిగింది కూడా బీమా పత్రమే. అప్పట్లో పాశ్చాత్య దేశాలే టర్కీని ఆ షరతు సడలించమని కోరాయి.

తెరిపించే దారి

నౌకాదళ రక్షణ మొదట తోచే పరిష్కారం. 1987 జులైలో అమెరికా యుద్ధనౌకలు కువైట్ ట్యాంకర్లకు కాపలాగా బయల్దేరిన తొలి ప్రయాణంలోనే బ్రిడ్జిటన్ అనే ట్యాంకర్ మైన్‌ను తాకింది. ఓడకు రంధ్రం పడింది గానీ ముందుకు సాగింది. ఆ తర్వాత కాపలా నౌకలే దాని వెనుక వరుసగా నడిచాయి. మైన్ దెబ్బకు అంత పెద్ద ట్యాంకర్ తట్టుకోగలదు, యుద్ధనౌక తట్టుకోలేదు.

నల్ల సముద్రంలో ఉక్రెయిన్ అనుభవం ఇంతకన్నా ఉపయోగకరం. ధాన్యం ఎగుమతి ఒప్పందం నుంచి 2023 జులైలో రష్యా తప్పుకుంది. ఆగస్టులో ఉక్రెయిన్ తీరాన్ని అంటిపెట్టుకుని సొంత మార్గం ప్రకటించింది. ఆ మార్గం నిలబడటానికి రెండు కారణాలు. రష్యా నౌకాదళాన్ని ఉక్రెయిన్ డ్రోన్లు, క్షిపణులు దూరం నెట్టాయి. ఆ నవంబరులో లండన్ మార్కెట్‌తో కలిసి యూనిటీ అనే బీమా పథకం మొదలైంది. తొలి నష్టం భరించేందుకు ఉక్రెయిన్ ప్రభుత్వ బ్యాంకులు హామీ ఇచ్చాయి, దాంతో ప్రీమియం తగ్గింది. మొదట ధాన్యం ఓడలకే ఇచ్చి, 2024 మార్చిలో సైనికేతర సరుకులన్నింటికీ విస్తరించారు. డ్రోన్లు ముప్పును తగ్గించాయి, హామీ ఆ తగ్గుదలను ప్రీమియంలోకి తెచ్చింది.

ఇదే నమూనాను గల్ఫ్‌కు తీసుకెళ్లగలమా అంటే పరిమాణం అడ్డు వస్తుంది. యూనిటీలో ఒక ఓడకు గరిష్ఠ పరిమితి 5 కోట్ల డాలర్లు. ధాన్యం మోసే పాత ఓడకు అది సరిపోతుంది. కొత్త ఎల్‌ఎన్‌జీ ఓడ ఒక్కటే 25 కోట్ల డాలర్ల దాకా పలుకుతుంది, సరుకు విలువ దానికి అదనం. అంత హామీ రాయగల ఖజానా ఉన్న దేశాలు కొన్నే. హోర్ముజ్ చుట్టూ గొడవ జరిగినప్పుడల్లా వాటిలో కనీసం ఒకటి, మధ్యవర్తిగా కాకుండా, ఆ గొడవలో పక్షంగానే ఉంటోంది.